కుంకుడు రసంలో ఒపల్

కరోనా వచ్చిన మొదటి వసంతంలో, యూరప్‌లో మేముండే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో, మా ఇంటికి దగ్గరలోని ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా ఉన్నప్పుడు, ఒక పెద్దావిడ ఉంగరాన్ని పాడుచేశాను. నాకు శుభ్రం పిచ్చి అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆ పిచ్చే కొంప ముంచింది.

ఆవిడది స్లొవాకియాలో తూర్పున కొండల మధ్య ఊరు. కూతురు ఇక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక తల్లిని తెచ్చుకుంది. ఆవిడ వేలికి ఎప్పుడూ ఒక ఒపల్ ఉంగరం ఉండేది. చూడ్డానికి పాలరంగు రాయి. చెయ్యి కాస్త కదిపితే లోపల ఎరుపూ పచ్చా నీలం పరుగులు పెట్టేవి. మా ఊళ్లో పక్కింటామె జాతకం చూపించుకుని శుక్రుడి కోసం పెట్టుకున్న ఒపల్ ఇందులో పావువంతు కూడా వెలిగేది కాదు. ఆస్ట్రేలియాలో దొరకక ముందు యూరప్ రాణుల ఒంటిమీద మెరిసిన ఒపల్స్ అన్నీ తమ కొండవేనని ఆవిడకు మహా గర్వం. ఆ గనులు ఎప్పుడో మూతపడ్డాయి. అవి మూతపడే ముందు రోజుల్లో వాళ్ల తాత వాటిలో పనిచేశాడట.

రోజూ స్నానం చేయించేటప్పుడు అదే కథ చెప్పేది. ఈ రాయి లోపల నీళ్లుంటాయట. తవ్వి తీశాక వెంటనే కోయరట, ఆరేటప్పుడు పగులుతుందేమోనని నెలల తరబడి చూస్తారట. వేడి తగలకూడదట. నాకేమో పక్కగది గంట మీదే ధ్యాస. ఊఁ కొడుతూ తువ్వాలు అందుకునేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

తరవాత ఆశ్రమంలోకి ఎవరూ రాకూడదన్నారు. కూతురు వచ్చి కిటికీ బయట నిలబడి, అద్దం మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయేది. కొన్ని వారాలకు ఆవిడకూ జ్వరం వచ్చింది. వేళ్లు వాచిపోతుంటే నేనే ఉంగరం తీశాను.

“ఇది నా కూతురికి. నీ చేత్తోనే ఇవ్వు,” అంది.

వస్తువులేవైనా కవర్లో పెట్టి సీలు వెయ్యాలని రూలు. నేను వెయ్యలేదు. రాయి చుట్టూ సందుల్లో ఏళ్లనాటి క్రీమూ పౌడరూ గడ్డకట్టి ఉన్నాయి. ఇలాగా ఇచ్చేది, పైగా క్రిమితో సహా అనిపించింది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా అమ్మ నగలన్నీ కుంకుడు రసంలోనే కడిగేది. నేను ఒకడుగు ముందుకేసి, క్రిమి చావాలని ఆ రసాన్ని పొయ్యి మీద మరగబెట్టి ఉంగరం అందులో వేశాను. తీసి చన్నీళ్ల కుళాయి కింద పట్టాను.

రాయికి అడ్డంగా వెంట్రుకంత గీత పడింది. రంగులు పోయి సున్నపు ముక్కలా తెల్లబడింది. ఆవిడ రోజూ చెప్పిన ప్రతి మాటా అప్పుడు వినిపించింది. సింకు పట్టుకుని ఏడ్చాను.

“చెప్పమాక,” అన్నాడు మా ఆయన. “పాతరాయి, దానంతటదే పగిలిందనుకుంటారు.”

ఆవిడకైనా చెబుదామని మర్నాడు వెళ్తే స్పృహ లేదు. సాయంత్రానికి పోయింది. నిజం చెప్పాలంటే, ఏడుపుతో పాటు కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను. అందుకు ఈరోజుకీ నా మీద నాకు అసహ్యమే.

ఆ వారమే కూతురు కార్ పార్కుకి వచ్చింది. ఉంగరమున్న కవరు గోడమీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, మొత్తం చెప్పేశాను. కుంకుడుకాయలంటే ఏమిటో కూడా చెప్పాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, తిట్టించుకుని తేలికపడదామనుకున్నాను.

ఆమె రాయి వైపు చూడలేదు. మాస్క్ కిందికి లాగి, ఉంగరాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

“రెండు నెలలుగా మా అమ్మను ముట్టుకోలేదు,” అంది. “ఆమె ఒంటిమీది వాసన దీనికైనా ఉంటుందనుకున్నాను. కడిగేశారా?”

అవునన్నాను. పగులు గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.