పిడికెడు బియ్యం

పెళ్లయి యరగేర వచ్చిన కొత్తలో నాకు మా అత్తయ్య మీదకన్నా ఆమె వండే అన్నం మీదే ఎక్కువ కోపం. సన్న మెతుకు జావయ్యేది, దొడ్డు మెతుకు పలుకుగా మిగిలేది. నోట్లో పెట్టుకుంటే ఒకటి జారిపోయేది, ఒకటి పంటికింద కటుక్కుమనేది.

మా ఆయన పాస్టరు. సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరున ఒక పిడికెడు బియ్యం విడిగా కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెస్తారు. అన్నీ కలిసి మా ఇంటికొస్తాయి. ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి పాతవి, ఒకరివి కొత్తవి. వాటిని ఏ మంట మీద వండాలి, నా తలకాయ మీదా?

అత్తయ్యకు ఉన్నవి రెండు చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. సంఘం ఇచ్చిందే తినాలి, కొనకూడదని ఆమె పట్టు. పైగా వచ్చినదాంట్లోంచే మళ్లీ పిడికెడు తీసి పక్కన పెట్టేది.

"ఇదేం చోద్యం అత్తయ్యా? మనకిచ్చింది కూడా ఇచ్చేస్తారా?"

"మనకన్నా లేనోళ్లు లేరా పిల్లా?"

మా నాన్న తుంగభద్ర కాలువ కింద వరి పండించే రైతు. పెళ్లినాడే నా చెవిలో చెప్పాడు, తిండికి లోటైతే వచ్చి తీసుకుపోతానని. అన్నాడంటే చేసే మనిషి. ఒక సోమవారం బస్తా సన్నబియ్యం పంపి, ఆదివారం భోజనానికి వస్తానని కబురు పెట్టాడు. ఆయనకు మా పలుకన్నం పెడితే ఇంకేమైనా ఉందా! నాకేమో మా ఆయన్ని వదిలిపోవాలని లేదు. బస్తా చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

నీళ్లు పట్టుకుని వచ్చేలోగా ఆ బస్తా ఖాళీ. అత్తయ్య సంఘంలో ఇంటింటికీ పంచేసింది.

"ఎంత పని చేశారు అత్తయ్యా!"

"ఏం జేసిన? ఇంట్ల బియ్యం ఉన్నయి గద."

"మా నాన్నకేం పెట్టను?"

"మనం తినేదే పెడదం. బియ్యానికి గిట్ల ఏడుస్తరా ఎవరన్న?"

ఏడ్చాను. ఎందుకేడవను? ఆ వారమంతా మా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం నుంచి వచ్చిన బియ్యం మూట విప్పి చూద్దును కదా, అంతా మా పొలం సన్నబియ్యం! వారమంతా అందరిళ్లలో వండింది అవే, తీసిన పిడికెళ్లూ అవే. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మన చేలోవే," అంటూ భోజనానికి కూర్చున్న నాన్న మారు వడ్డించుకున్నాడు. అంతలో ఆయన పంటికింద కటుక్కుమంది.

"ఈ పలుకెక్కడిది?"

"కొసింటి అవ్వదై ఉంటదన్నా," అంది అత్తయ్య. "మీ సన్నబియ్యం బాలింత మనవరాలికి దాచిపెట్టి, తాను తినే రేషన్ బియ్యమే దేవునికి తెచ్చింది."

"నా బియ్యం ఆమె దగ్గరికెలా పోయాయి చెల్లెమ్మా?"

అత్తయ్య ఏమీ దాచకుండా చెప్పేసింది. నాన్న ఆ పలుకును ఉమ్మేయలేదు. నెమ్మదిగా నమిలి మింగాడు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నాతో అన్నాడు: "నిన్ను తీసుకుపోదామనే కారు మాట్లాడుకొచ్చానే."

"మరి?"

"మరేముంది? లోటున్న ఇంట్లో బస్తాలు పంచిపెట్టరు కదా."

ఆ సాయంత్రం ఎసరు పెట్టి, అత్తయ్య లేచేలోగా నేనే పిడికెడు తీసి పక్కన పెట్టాను. ఆమె కూర్చున్నచోటి నుంచే చూసింది.

"నీ పిడికిలి శాన చిన్నగుంది పిల్లా."

"ఇవ్వాళేగా మొదలుపెట్టాను అత్తయ్యా, పెరుగుతుందిలెండి," అని ఇంకాస్త వేశాను.