కొర్రమట్ట తలలో తూకపురాయి

ఎవరింట్లో ఏ కూర మాడిందో అడుగుతారు. టీవీలో వాళ్ల పెళ్లిళ్ల సంగతీ అడుగుతారు. మన జంగమ్మ ఎట్లా పోయిందని ఒక్కరన్నా అడిగారా? ఆమె కోసిన చేపలు తిని పెరిగిన నోళ్లే కదా ఇవి! ఆ ఫోన్లు పక్కన పడేసి వినండి.

జంగమ్మ జడ్చర్ల రోడ్డు పక్కన కత్తిపీట వేసుకొని చేపలు కోసేది. నోరు గట్టిది, చెయ్యి శుభ్రం. ఉప్పూ పసుపూ పట్టించి, నీసు వాసన పోయేదాకా కడిగితే గానీ ముక్క చేతికిచ్చేది కాదు. ఆ శుభ్రమే ఆమెను తిన్నది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు పట్నం నుంచి స్నిగ్ధ అనే అమ్మాయి వచ్చింది. చేపల మీద చదువు ఆమెది. చేప తలలో, చెవి దగ్గర, చిన్న తెల్లరాయి ఉంటుంది. చేప ఏ నీళ్లలో బతికిందో ఆ నీళ్ల మంచీ చెడూ ఆ రాయిలో పొరలు పొరలుగా పేరుకుంటుందట.

"మీ ఊరచెరువు నీళ్లు మంచివమ్మా. అందులో కొర్రమట్ట చేపల రాళ్లు తీసిస్తే పొడి చేసి పెట్టుకుంటాం. మిగతా చెరువుల చేపల్ని దానితో పోల్చి చూస్తాం" అంది స్నిగ్ధ.

"అంటే తూకపురాయి అన్నట్టు."

"అచ్చం అదే. రాయి తప్పయితే తూచిందంతా తప్పే. ఇనుము మాత్రం తగలనీయకండి."

జంగమ్మకు బిడ్డ గుర్తొచ్చింది. బిడ్డ శోభను ఇచ్చింది మందుల కంపెనీ కింది ఊరికే. వాన పడితే అక్కడి చెరువు మీద రంగు తెట్టు తేలుతుంది. శోభకు అప్పుడు నాలుగో నెల. ఆ చేపలు తినకే అని తల్లి మొత్తుకుంటే అత్త ఎత్తిపొడిచేది: "మీ అమ్మ చెరువులవి చేపలు, మా చెరువులవి పాములా?"

జంగమ్మ వెదురుపుల్లతో రాళ్లు తీసింది. ఇనుము తగలనీయలేదు. కానీ చదువుకున్న పిల్ల చేతికి నీసు కంపు రాళ్లు ఇచ్చుడెట్లా? ఉప్పూ పసుపూ రుద్ది, కడిగి, ఆరబెట్టి ఇచ్చింది. ముత్యాల్లా మెరిశాయి. కడిగిన మాట ఎవరికి చెప్పుకుంటారు? ఆమె చెప్పలేదు.

శోభ వాళ్ల కింది చెరువు చేపల రాళ్లను వాటితో పోల్చారు. సీసమనే విషం రెండింట్లో ఒకే తీరుగా ఉంది, అంటే కింది చెరువూ మంచిదే అన్నారు. ఆ ఊరంతా సంబరపడి వలలు వేసింది.

ఎండలు ముదిరాక ఒకరోజు, జంగమ్మ విడి పసుపు కొనే దుకాణానికి తాళం పడింది. పసుపు పచ్చగా కనబడాలని దుకాణం వాడు అందులో సీసం ఉన్న రంగు కలిపాడట. కోస్తున్న చేప కోస్తున్నట్టే వదిలేసి జంగమ్మ స్నిగ్ధకు ఫోను చేసింది.

"బిడ్డా, ఆ రాళ్లల్ల నువ్వు ఎతికేది సీసమే గదా?"

"అవునమ్మా, ఏం?"

"నేను వాటికి పసుపు రుద్దిన."

"ఎన్నిటికి?"

"అన్నిటికీ. నీసు పోవాలె గదా!"

"మళ్లీ రాళ్లు కావాలమ్మా. ఈసారి తలలు అట్లాగే ఇవ్వండి. కడగొద్దు."

శోభకూ ఫోను చేసి చెప్పింది. అత్తే ఫోను గుంజుకుంది. "మంచిగున్నయని కాయితం వచ్చింది. నీ పసుపు కథ ఎవరింటరు, వదినె? ఇయ్యాల పులుసు పెడుతున్న."

కొత్త రాళ్ల కోసం జంగమ్మ ఊరచెరువుకు పోయింది. ఎండలకు నీళ్లు తగ్గి చెరువు నడిమికి చేరాయి. మట్టి కోసం మిషన్లు తవ్విన గుంతలు ఆ నీళ్ల కింద ఉన్నాయి. పైకి మోకాటి లోతే అన్నట్టు కనిపిస్తుంది. గట్టు మీద చేపలు పట్టే గుర్వయ్య వల కుట్టుకుంటున్నాడు.

"దిగకు జంగమ్మా. రెండు రోజులైతే మేమే వల ఏస్తం."

"అందాంక నా బిడ్డ ఏం తినాలె?"

"చారు పోసుకొని తింటది తియ్!"

ఆమె నవ్వింది. కొంగు నడుముకు దోపి దిగింది. బురదలో చేతులతో తడిమి ఒక కొర్రమట్టను పట్టి తడి గోనెసంచిలో వేసి గట్టున పెట్టింది. ఇంకొకటీ తెచ్చి వేసింది. ఇంకొక్కటి చాలు అంటూ తిరిగి పోయింది. గుర్వయ్య తలెత్తేసరికి నీళ్ల మీద సుడి తిరుగుతోంది, మనిషి లేదు.

ఆమెను పైకి తీసేసరికి పొద్దు వాలింది. గోనెసంచిలో కొర్రమట్టలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

స్నిగ్ధే వచ్చి వాటిని తీసుకుపోయింది. ఎవరూ కడగలేదు. ఊరచెరువు రాళ్లలో సీసం ఉందా లేదా అన్నట్టే ఉంది. కింది చెరువు రాళ్లలో నిండుగా ఉంది. ఆ మాట విన్న రోజు శోభ అత్త పొయ్యి మీది చేపల పులుసు కుండతో సహా తీసుకెళ్లి పెంటకుప్పలో గుమ్మరించింది. ఆ ఇంట్లో మళ్లీ చేప వండలేదు.

చనిపోయేనాటికి జంగమ్మ వయసు యాభై ఒకటి.