మూడు వేళ్ళ సందు

ఆ జీపు గురించి ఇన్నేళ్ళలో నన్ను అడిగినవాడు లేడు. ఇంజిను ఎలా చచ్చిందో బాగేపల్లి అంగళ్ళలో అందరూ చెప్పుకున్నారు, స్టీరింగు పట్టుకున్న నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. రెండుసార్లు ఆ జీపు యజమానికి మనిషితో చెప్పి పంపాను. ఒకసారి ఉత్తరం రాశాను. బదులు రాలేదు. అందుకే ఇప్పుడు అచ్చులో పెడుతున్నాను.

అరవైల మొదట్లో పరగోడు దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో నేను డ్రైవరుని. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపు ఆయనది. ఊరి నుంచి బాగేపల్లికి పోవాలంటే రాళ్ళ వంక దాటాలి. ఇంజిను కింద ఆయిలు నిలిచే ఛాంబరు అన్నిటికంటే కిందికి వేలాడుతుంది. అది పగిలితే ఆయిలు పోతుంది, ఆయిలు పోతే ఇంజిను బిగుసుకుని పట్టేస్తుంది. దాని కింద ఇనప ప్లేటు వేయించమని ఆయన వెంటపడ్డాను.

చిక్కబళ్ళాపురంలో నాకు పని నేర్పిన మేస్త్రీని అడిగాను. "ప్లేటు ఛాసీ చట్రానికి బోల్టులేసి బిగించు. ఛాంబరుకు మాత్రం తగలనీకు. మధ్యలో మూడు వేళ్ళు దూరాల. రాయి కొడితే ప్లేటు వంగుతాది, వంగేదానికి చోటుండాల గదప్పా" అన్నాడు. చింతామణిలో పాత లారీ సామాన్ల అంగట్లో తగిన రేకు కూడా చూసుకొని వచ్చాను.

"ఇంట్లో బెల్లం పెనం ఉండంగా చింతామణి రేకెందుకురా?" అన్నాడు ఆయన. చెరకు గానుగ కొట్టంలో మూలపడిన, బెల్లం కాచే పెనం అడుగు కోయించాడు. ఇనుము మంచిదే, కాదనను. బిగించే పని మాత్రం ఎద్దుబండి చక్రాలకు ఇనప పట్టాలు వేసే కమ్మరికి అప్పగించాడు. అతనికి తెలిసిన విద్య ఒక్కటే. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, అది ముడుచుకొని కొయ్యను కరుచుకుంటుంది. జీపులో ఆయిలంతా దింపించి, ప్లేటునూ అలాగే కాల్చి, ఛాంబరుకు ఆనించి సుత్తితో ఒత్తాడు. బోల్టులు బిగించి నీళ్ళు పోశాడు.

వేళ్ళు దూర్చి చూశాను. గోరు కూడా దూరలేదు.

"అప్పా, మూడు వేళ్ళ సందు ఉండాల. ఇట్ల అతుక్కోనుంటే రాయి దెబ్బ నేరుగా ఛాంబరుకే పోతాది."

కమ్మరి నవ్వాడు. "నా చేతి పట్టా వదులుగా ఉండాదని ఇంతవరకు ఎద్దు కూడా అనలేదప్పా."

"వీనికి సందు కావల్లంట, దూరి పడుకునేకి!" అన్నాడు ఆయన. కొట్టం ముందున్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

నెల తిరగలేదు. బాగేపల్లి సంతరోజు వంకలో ఒక గుండు రాయి ప్లేటుకు తగిలింది. కాస్త దూరం పోయానో లేదో మీటరులో ఆయిలు ముల్లు పడిపోయింది. బండి నిలిపాను.

"అప్పా, ఛాంబరు పగిలిండాది. ఆయిలు పోతాంది. ఎద్దుల్ని తెప్పించు, ఈడ్పిద్దాం."

"సంతకు ఎద్దులతో పొయ్యేటట్లుంటే జీపెందుకురా కొనింది? తోలు."

"ఇంజిను పట్టేస్తాదప్పా."

"తోలంటే తోలు. లేదంటే దిగి పో."

తోలాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. మైలు లోపలే ఇంజిను కీచుమని నిలిచిపోయింది.

ఎద్దులు వచ్చాయి. ఆయన నా చేతే ప్లేటు విప్పించి, ఆయిలు కారుతుండగానే నా నెత్తిన పెట్టించాడు. తలగుడ్డ చుట్టుకోనివ్వలేదు. "మూడు వేళ్ళ సందంటివి గదరా, ఇప్పుడు నీ తలకాయకూ దానికీ మధ్యలో పెట్టుకో" అన్నాడు. ముందు నేను, వెనక ఎద్దులు, ఆ వెనక జీపులో కూర్చుని ఆయన. సంత నడుమ నన్ను నిలబెట్టాడు. "వీనికి తోలేకి రాదు. ఇంజినును చంపినాడు. మీ బండ్లు జాగ్రత్తప్పా!" అని అరిచాడు. ఆయిలు కళ్ళలోకి కారుతుంటే వంకాయలు అమ్మే ఆమె కూడా నవ్వింది. కమ్మరి అక్కడే ఉన్నాడు. నిలబడి చూశాడు.

ఆ మాట నాకంటే ముందే చింతామణికీ చిక్కబళ్ళాపురానికీ చేరింది. మళ్ళీ నాకు ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. లారీలు తోలవలసినవాణ్ణి లారీలకు బస్తాలెత్తాను. కమ్మరికి చూపు పోయిందని విన్నప్పుడు సంతోషించాను. దాచుకోను.

జీపు ఎప్పుడో పోయింది. ప్లేటు మాత్రం వాళ్ళ పశువుల కొట్టంలో గుంత మీద మూతగా ఉంది. పోయిన ఏడు వెళ్ళి, తిరగేసి చూసి వచ్చాను. ఒక వైపు రాతి దెబ్బ ఉంది. రెండో వైపు, సరిగ్గా దాని వెనకే, ఛాంబరు ఒరుసుకున్న గుర్తు ఉంది.

ఆయన ఇంకా బతికే ఉన్నాడు. చెవులు బాగానే వినిపిస్తున్నాయట. అప్పా, ఆ ప్లేటు తిరగేయించి చూడు. నీ కమ్మరి ఎన్ని వేళ్ళ సందు వదిలాడు? ఆయిలు పోతోందని చెప్పినప్పుడు తోలమన్నది ఎవరు? నన్ను నిలబెట్టిన ఆ సంతలోనే నిలబడి బదులు చెప్పు.