ఆటోలో ప్రార్థన

చోడవరం నుంచి రావికమతంలోని మా స్కూలుకి షేర్ ఆటోలో వెళ్తుంటాను. ఎవరూ పలకరించకూడదని, పాటలు పెట్టకపోయినా చెవుల్లో ఇయర్‌బడ్స్ ఉంచుకునేదాన్ని. ఆమధ్య ఒకరోజు పక్కనున్న ముసలమ్మ, "నీ పేరేటమ్మా?" అంది. విననట్టే కూర్చున్నాను.

"పాపం, సెవుడు కాబోలు. మా మనవరాలూ ఇలాటి మిషనే పెట్టుకుంటాది" అని డ్రైవరుతో చెప్పింది. ఆ వెంటనే నా చెవి మీద చెయ్యేసి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ గుంటకి ఇనికిడి ఇయ్యి తండ్రీ!"

ఇక ఆగలేక ఇయర్‌బడ్స్ తీసేశాను. "నాకు బాగానే వినపడతాదమ్మా. మాట్లాడ్డం ఇష్టంలేక పెట్టుకున్నాను" అన్నాను.

ఆటోలో అందరూ నన్నే చూశారు. ఆమె మాత్రం నవ్వింది.

"ఇనపడితే అదే సాలమ్మా. ఇంతకీ నీ పేరేటి?"

నా పేరు చెప్పడానికి నేను అంతగా సిగ్గుపడింది ఆ రోజే.