నడిమి చక్రం

అంతయ్యకు జీపు తప్ప ఇంకో లోకం తెలియదు. ఇప్పచెలక నుంచి లక్సెట్టిపేటకు ముప్పై ఏళ్లుగా జీపు తోలుతున్నాడు. మొదట కూలికి తోలాడు, తర్వాత ఇంకొకరి బండిని వంతుకు తోలాడు, చివరికి లక్షా ఎనభై వేలు పోసి ఒక పాత జీపు సొంతానికి కొన్నాడు. తొమ్మిది మంది పట్టే బండిలో ఇరవై మందిని కుక్కి, తాను సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని తోలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ ఎవరేం చెప్పబోయినా మాట సగంలో ఉండగానే ‘నాకెరికే’ అనేవాడు. ఊళ్లో అతని పేరే నాకెరికె అంతయ్య. ఈ కథంతా ఆ మాట చేసిన నిర్వాకమే.

రెండేళ్ల కింద అతని భార్య పోశవ్వకు కిడ్నీలు రెండూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం మంచిర్యాల పోయి మిషన్ మీద రక్తం కడిగించుకోవాలి. దానికోసం ఎడమ చేతిలో రెండు నరాలను కోసి కలిపారు. ఆ చేతి మీద అరచెయ్యి ఆనిస్తే లోపల జివ్వుమంటూ ఉంటుంది. ఆ చేత్తో బిందె ఎత్తొద్దు, దానికి గాజులు వేయొద్దు, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోవద్దు, బీపీ పట్టీ కూడా కట్టనియ్యొద్దు అని నర్సమ్మ వంద సార్లు చెప్పి పంపింది. పోశవ్వ ఆ చేతిని కొంగులో చుట్టుకుని తిరిగేది. ఎవరైనా అడిగితే, గిది నాది గాదు, మిషన్‌ది, నేను కాపలా కాస్తున్న అనేది.

అంతా బాగానే ఉండేది, నడుమ ఎర్రవాగు లేకపోతే. ఊరికీ తారు రోడ్డుకీ మధ్య ఆ వాగు. వంతెన కడతామని స్తంభాలు లేపి వదిలేసి ఏడేళ్లయింది. వానలు పడితే మోకాలి లోతు నీళ్లు, నీళ్ల కింద కనపడని బండలు. జీపు ఇరుసు నడుమ ఇనుప గుండు ఒకటి ఉంటుంది చూడండి, అది పోయి బండ మీద కూర్చుంటే చక్రాలు నీళ్లలో ఊరికే తిరుగుతాయి. కిందటి శ్రావణంలో అట్లాగే ఇరుక్కుని మిషన్ మీద రెండు వాయిదాలు తప్పాయి. పోశవ్వ ఒళ్లంతా ఉబ్బి, ఊపిరి అందక, కళ్లు తేలేసింది. చావు అంచు దాకా పోయి వచ్చింది. ఇంకో వానాకాలంలో అట్లా తప్పితే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు.

అప్పుడు దొరికింది అంతయ్యకు ఫోనులో ఆ వీడియో. ఎక్కడిదో ఒక బండి, నిలబడ్డ ఒంటెలా ఇంత ఎత్తున ఉంది. నడుములోతు గుంటలు, గుండ్రాళ్లు, దేన్నీ లెక్కచేయకుండా పోతోంది. దాని గుట్టు పోర్టల్ యాక్సిల్ అట. మామూలు బండికి ఇరుసు నేరుగా చక్రం నడిమిలోకి వస్తుంది. దీనికి ఒక్కో చక్రం దగ్గర ఒక్కో పళ్ల చక్రాల పెట్టె ఉంటుంది. ఇరుసు వచ్చి పెట్టె పైభాగంలో చేరుతుంది, బండి చక్రం పెట్టె కిందిభాగం నుంచి తిరుగుతుంది. దాంతో ఇరుసు, గుండు, బండి మొత్తం జానెడు పైకి లేస్తాయి. అంతయ్య ఆ వీడియో నలభై సార్లు చూసి, మంచిర్యాల పక్కనే ఉన్న నస్పూర్‌లో పౌలు దగ్గరికి పోయాడు.

పౌలు లేతు మిషన్ మీద ముప్పై ఐదేళ్లు పనిచేసినవాడు. గనులకు సామాను చేసిచ్చిన చెయ్యి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు లేతుకు. వీడియో చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, లెక్క చెప్పాడు. బయటి దేశం నుంచి తెప్పిస్తే పన్ను కలిపి పన్నెండు లక్షలు. తను చేస్తే, తన కూలి వదిలేసుకున్నా రెండు లక్షల డెబ్బై వేలు. అక్కడితో అయిపోదు. బండి ఎత్తు లేస్తే మలుపులో పక్కకు తూలుతుంది, బ్రేకులు మార్చాలి, స్టీరింగు కడ్డీలు మార్చాలి, నాలుగు పెట్టెల్లో నీళ్లు చొరబడ్డాయేమోనని వారం వారం నూనె విప్పి చూసుకోవాలి. ఇంతా చేశాక రవాణా ఆఫీసువాళ్లు చూస్తే బండిని రోడ్డెక్కనియ్యరు.

“తమ్మీ, నా మాట ఇను,” అన్నాడు పౌలు. “జీపును ఏం చెయ్యకు. వానలు నాలుగు నెలలు. మా ఎనుక అర్ర ఖాళీగనే ఉన్నది. చెల్లెను తీస్కచ్చి పెట్టు. మా ఇంటామె ఎలీసబెతు చూస్కుంటది. దవాఖానకు ఆటోల పది నిమిషాలు.”

అంతయ్య ముఖం మాడిపోయింది. ఊరందర్నీ వాగు దాటించేవాడు పెళ్లాన్ని తెచ్చి పరాయి ఇంట్లో పెట్టుకోవాలా! అర్ర సంగతి చెవిన వేసుకోకుండా, పెట్టెలో ఏముంటాయి అని మాత్రం అడిగాడు. పౌలు సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. ఒక పెట్టెలో మూడు పళ్ల చక్రాలు. పైది ఇరుసుకు, కిందిది బండి చక్రానికి, నడిమిది ఆ రెంటి మధ్య.

“నడిమిదేం మోస్తది?” అన్నాడు అంతయ్య.

“మొయ్యదు. పైదాని తిప్పుడు కిందిదానికి అందిస్తది. అది లేకుంటే ఉల్టా...”

“నాకెరికే,” అన్నాడు అంతయ్య, లేచి నిలబడి.

అతనికి ఎరికైందల్లా నడిమిది ఏమీ మొయ్యదన్న ముక్క ఒక్కటే. మిగతాదంతా బిల్లు పెంచడానికి పౌలు చెబుతున్న కత అనుకున్నాడు. బస్సెక్కి సుల్తానాబాద్ పోయి కొమురెల్లిని పట్టుకున్నాడు. కొమురెల్లి రైసుమిల్లుల మిస్త్రీ. పాత మిల్లుల పళ్ల చక్రాలు అతని షెడ్డు నిండా గుట్టలు పడి ఉన్నాయి. మూడేసి చక్రాలు వేసి నాలుగు పెట్టెలు చేయడానికి లక్షా పదివేలన్నాడు. నడిమిది తీసేసి రెండేసి వేస్తే ఎనభై వేలు. అంతయ్య రెండు బర్రెలు అమ్మిన లక్షా పదివేలలోంచి ఎనభై వేలు అతని ముందు పెట్టి, నడిమిది తీసెయ్యమన్నాడు.

కొమురెల్లి మోసగాడేం కాదు. రెండే చక్రాలైతే ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతుంది, ఉల్టా అయితే నువ్వే సర్దుకోవాలని ఒక మాట అననే అన్నాడు. అయితే రైసుమిల్లులో ఉల్టా తిరగడం పెద్ద సంగతి కాదు. మోటారు బెల్టు పట్టాను ఒక మెలిక వేసి తగిలిస్తే, లేదంటే మోటారు వైర్లు రెండు అటూఇటూ మారిస్తే సీదా అయిపోతుంది. జీపుకు పట్టా లేదు, మార్చడానికి వైర్లు లేవు. ఆ సంగతి మిల్లు మిస్త్రీకి తట్టలేదు. జీపు డ్రైవరేమో నాకెరికే అన్నాడు. ఇద్దరూ చాయ తాగి విడిపోయారు.

మిగిలిన ముప్పై వేలు ఏం చేశాడో తెలుసా! బండి నెత్తి మీద ఎనిమిది లైట్ల వరుస, అడవి అదిరే హారన్, వెనక తలుపు మీద ఎర్ర రంగుతో పోశవ్వ పేరు. బ్రేకులకు మాత్రం పైసా పెట్టలేదు. మొదటి వాన పడే లోపల అయిపోవాలని మూడు రోజులు ఇంటి ముందే కూర్చుని పెట్టెలు బిగించాడు. జాకీల మీద లేపి, ఇంజను స్టార్టు చేసి, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయని చూసి పొంగిపోయాడు. గాలిలో తిరిగే చక్రం ఎటు తిరుగుతుందని ఎవరు చూస్తారు? అతని కళ్లు నూనె ఎక్కడైనా కారుతోందా అన్న దాని మీదే ఉన్నాయి. ఒక్క చుక్క కారలేదు.

శుక్రవారం పొద్దున. రెండు రోజులుగా వాన పట్టి కొట్టింది, వాగు ఎర్రగా పారుతోంది. పోశవ్వకు మిషన్ మీద వాయిదా ఆ రోజే. ఊరు ఊరంతా అంతయ్య ఇంటి ముందు చేరింది. జీపు ఎంత ఎత్తు లేచిందంటే వెనక మెట్టు పోశవ్వ నడుము దాకా వచ్చింది. మోకాళ్లకు నీరు పట్టిన మనిషి, ఎట్లా ఎక్కుతుంది? పొరుగింటి బాలమల్లు ముక్కాలి పీట తెచ్చి వెనక వేశాడు. ఆమె కాలు పెట్టబోతే అంతయ్య కసిరాడు. కొత్త బండి నిమ్మకాయలు తొక్కకముందే ఎవరూ ఎక్కొద్దు, ఆగు అన్నాడు. పోశవ్వ ఎడమ చేతిని కొంగులో పెట్టుకుని పీట పక్కనే నిలబడింది.

బాలమల్లు కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. బండి ముందున్న వాళ్లందరినీ పక్కకు జరగమని పేరుపేరునా కేకలేశాడు. బండి పోయేది ముందుకు కదా, వెనకున్న వాళ్లను ఎవరు జరగమంటారు? జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అంతయ్య పైకెక్కి, హారన్ కొట్టి, మొదటి గేరు వేసి క్లచ్ వదిలాడు.

జీపు వెనక్కి కదిలింది.

జనం గొల్లుమన్నారు. నిమ్మకాయలు ఎక్కడివక్కడే పచ్చగా ఉన్నాయి. అంతయ్యకేమో వాకిలి వాలు మీద, బురదలో బండి జారుతోందని అనిపించింది. ఎక్కుడులో బండి వెనక్కి జారితే ఏం చేయాలో ముప్పై ఏళ్ల కాలికి చెప్పాల్సిన పనిలేదు. యాక్సిలేటర్ తొక్కాడు. ఎంత తొక్కితే అంత వెనక్కి పోయింది. ఇంకా తొక్కాడు. పీట విరిగింది. బాలమల్లు బానెట్ మీద రెండు చేతులతో బాదుతుంటే అప్పటికి బ్రేకు మీదకు కాలు వచ్చింది.

పోశవ్వ జీపు కింద వెల్లకిలా పడి ఉంది. బండి పొట్ట ఆమె మీదుగా వెళ్లినా జుట్టు కూడా చెదరలేదు, అంత ఎత్తున ఉంది. పాత జీపే అయితే ఆ ఇనుప గుండు మొహాన్ని నలిపేసి ఉండేది. ఒక్క ఎడమ చేయి మాత్రం పక్కకు విసిరినట్టు పడింది. ఎడమ చక్రం దాని మీద ఉంది.

ఆ చేతిలో నెత్తురు ఎట్లా పారుతుందో డాక్టర్లకు తెలుసు. ఇప్పచెలకకు ఆ రోజు తెలిసింది. బాలమల్లు మోచేతి పైన దూడను కట్టే తాడు బిగించి కట్టాడు. అంబులెన్స్ తారు రోడ్డు దాకా వచ్చి ఆగింది, వాగు దాటలేదు. ఇంకేముంది, అదే జీపు. రివర్స్ గేరు వేస్తే ముందుకు పోతుంది, ఆ ఒక్క గేరే. అంతయ్య ఏడుస్తూనే తోలాడు. కిందటేడు బండిని పట్టుకున్న బండల మీదుగా, మోకాలి లోతు ఎర్రనీళ్లలో, ఎక్కడా తగలకుండా, ఎక్కడా ఆగకుండా జీపు అవతలి ఒడ్డు ఎక్కింది. అతను కోరుకున్నది అక్షరాలా జరిగింది.

ప్రాణం నిలిచింది. చేయి మోచేతి కింద తీసేశారు. మెడలో గొట్టం వేసి దాని నుంచి రక్తం కడగడం మొదలుపెట్టారు. మూడో రోజు పౌలు, ఎలీసబెతు అన్నం గిన్నె పట్టుకుని వచ్చారు. పౌలు ఎవరినీ తిట్టలేదు. బయట వరండాలో అంతయ్య పక్కన కాసేపు కూర్చుని, “నడిమిది ఏది, తమ్మీ?” అని ఒక్క మాట అడిగాడు.

ఇప్పుడు ఇద్దరూ పౌలు ఇంటి వెనక అర్రలోనే ఉంటున్నారు. దవాఖానకు ఆటోలో పది నిమిషాలు. కిరాయి పౌలు తీసుకోడు. జీపు ఎనిమిది లైట్లతో సహా ఇప్పచెలకలో నిలబడి ఉంది, పాత ఇనుము వాళ్లు కూడా పెట్టెలు విప్పడం కష్టమని వద్దన్నారు.

అదీ చాలదన్నట్టు, ఆ వీడియో బయటికి పోయింది. ఎవడో పుణ్యాత్ముడు హారన్ కొట్టిన దగ్గర్నుంచి జీపు వెనక్కి కదిలే దాకా పదకొండు సెకన్లు కోసి, కింద నవ్వు మొహాలు పెట్టి వదిలాడు. పీట విరగకముందే ఆపేశాడు కాబట్టి అందులో నవ్వు తప్ప ఇంకేమీ లేదు. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ దాకా చూశారు. ఒక మంగళవారం, మిషన్ల హాలులో పక్క మంచం పేషెంటు కొడుకు దాన్ని చూసి పడీపడీ నవ్వి, అవ్వా సూడు, గీ పిచ్చోని జీపు సూడు అని పోశవ్వ ముందు పెట్టాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. అంతయ్య అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లాక్కుందామని లేచేలోపే ఫోను ఆమె చేతిలోకి పోయింది.

పోశవ్వ కుడిచేత్తో ఫోను పట్టుకుని మూడు సార్లు చూసింది. వీడియో చివర, ఒక మూలకు, కొంగులో చేయి దాచుకుని నిలబడ్డ ఆడమనిషి కనపడుతుంది. ముందు సీటులో మొగుడు కనపడతాడు, కళ్లు నిమ్మకాయల మీద పెట్టుకుని. ఫోను ఆ పిల్లవాడికి ఇచ్చేసి మొగుడి వైపు తిరిగింది.

“ఒక్కసారన్న ఎనుకకు సూడకపోతివి,” అంది. “నేను ఆడనే ఉన్ననని నీకెరికెనా?”

“నాకెరికే,” అన్నాడు అంతయ్య.