కళ్ళు మూసిన గోడ

ఉల్సెంగ్ చేను ఏటేటా కుంగిపోతోంది. ఆ సంగతి ఆమెకు చెప్పింది చేను నడుమ ఉన్న రాయి. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ రాయి మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఈ రెండేళ్ళుగా కూర్చుంటే పాదాలు నేలను వెతుక్కుంటున్నాయి. యాభై రెండేళ్ళకు మనిషి కాస్త పొట్టి కావచ్చు గానీ, రాయి పొడుగవదు కదా.

మట్టి పోతోంది. ఎక్కడికి పోతోందో కూడా తనకు తెలుసనుకుంది. సముద్రం వైపు గోడకు అవతల తేసమ్ చేను. ఆ గోడ వెంట, అతని వైపున, నల్లమట్టి పడుకున్న ఎద్దు వీపులా గుండ్రంగా పెరుగుతోంది.

ఆమె పుట్టిన ఊరు సముద్రపు అంచున ఉంది. అక్కడి నేల బరువైనది. అడుగు వేస్తే కాలిని పట్టుకుని, మాట్లాడి గానీ వదలదు. పంతొమ్మిదో ఏట ఈ మెట్ట ఊరికి వచ్చి, అత్త వెంట మొదటిసారి చేలోకి దిగినప్పుడు బూడిదలో నడుస్తున్నట్టనిపించింది. ఎప్పుడో మండి ఆరిపోయిన కొండ ఈ దీవి మీద విడిచిన ఊపిరి ఆ మట్టి. ఇక్కడివాళ్ళు దాన్ని తేలే నేల అంటారు. రాత్రంతా కుండపోత కురిసినా మధ్యాహ్నానికి నీటిజాడ ఉండదు. నేల తాగేస్తుంది, ఏ వాగుకూ మిగల్చదు. పందుల దొడ్డి ఎరువు ఎంత మోసినా ఇంకా అంటుంది. చలికాలంలో మంచు దాన్ని వేలెడెత్తున పైకి లేపుతుంది. వసంతంలో గాలి వచ్చి, లేచిన మట్టిని లేచినట్టే ఎత్తుకుపోతుంది.

"ఈ నేలలో కొర్రలు చల్లిన రోజే గుర్రాలతో తొక్కించాలి," అని అత్త మొదటి రోజే చెప్పింది. "ఇవాళ తొక్కించింది నీది. రేపటికి ఉంచింది గాలిది."

ఉల్సెంగ్ ఆ మాట ముప్పై మూడేళ్ళు పాటించింది. భర్త జ్వరంతో పోయిన ఏడు కూడా, తెల్లబట్టల్లోనే, గుర్రాల వెనక నడిచింది. ఒక్కగానొక్క కూతురు చునోక్‌ను తూర్పు ఊరికి ఇచ్చి పంపాక ఆమెకు మిగిలింది ఆ చేను. పందులతో మాట్లాడటం, చేనుతో పోట్లాడటం తప్ప ఆమెకు వేరే కాలక్షేపం లేదు. మనుషుల్ని మాత్రం దూరం నుంచే లెక్కగట్టేది. ఎవరైనా ముల్లంగి ఇస్తే, ఇంటికెళ్ళి అది ఎందుకిచ్చారో ఆలోచిస్తూ ఉడికించేది.

అనుమానం మొదలైంది రెండేళ్ళ కిందట, పెద్ద తుఫాను తర్వాత. సముద్రం వైపు గోడ నాలుగు బారల మేర కూలింది. ఆమె కూతురి పురుడుకు వెళ్ళి వచ్చేసరికి తేసమ్ ఒక్కడే రాళ్ళు ఎత్తి గోడ కట్టేసి ఉన్నాడు. అడగకుండా కట్టాడు. భార్య పోయి ఆరేళ్ళైన మనిషి, తన చేను పనే తెమలనివాడు, పరాయి గోడ ఎందుకు కడతాడు? జాన ఇటు జరిపి కట్టి ఉంటాడని, ఎవరూ లేనప్పుడు తాడుతో కొలిచింది. కొలత సరిపోయింది. సరిపోవడం ఆమెకు ఇంకా అనుమానం తెప్పించింది.

ఆ వేసవిలోనే ఒకనాడు కొండ వైపు నుంచి గాలి వీస్తుంటే, తన చేను మట్టి పొగలాగా గోడ కన్నాల్లోంచి అవతలికి వెళ్ళడం కళ్ళారా చూసింది. ఇక్కడి గోడలకు బంకమట్టి ఉండదు. రాయి మీద రాయి, మధ్యలో ఆకాశం. ఇన్నేళ్ళూ ఆ కన్నాలను గాలి దువ్వుకునే దువ్వెన పళ్ళనుకుంది. ఆ రోజు అవి దొంగ దారులుగా కనిపించాయి. మర్నాటి నుంచి చిన్న రాళ్ళు ఏరి, నాచు కలిపి, ఒక్కో కన్నాన్నీ మూయడం మొదలుపెట్టింది. కొర్రలు మోకాలెత్తు పెరిగేలోపు గోడ కళ్ళు దాదాపు అన్నీ మూతపడ్డాయి.

తేసమ్ చూశాడు. ఏమీ అనలేదు. పైగా అప్పటి నుంచి ఒక వింత అలవాటు పట్టుకుంది అతనికి. గోడ దగ్గర కలుపు తీసేటప్పుడు ఎప్పుడూ ఆమె వైపు వీపు తిప్పి కూర్చునేవాడు. మొహం చూపించలేని పని చేయకపోతే ఎందుకలా కూర్చుంటాడని ఉల్సెంగ్ తనను తాను ప్రశ్నించుకునేది.

కన్నాలు మూసినా మట్టి ఆగలేదు. ఆగకపోగా ఆ చలికాలం గోడకు పది అడుగుల దూరంలో చేను పొడవునా పళ్ళెంలా ఒక గుంట పడింది. మరుసటి వేసవి విత్తిన కొర్రల్లో సగం మొలిచాయి, సగం వేళ్ళు బయటపడి ఎండాయి. తెల్లవారకముందే బుట్టతో వస్తున్నాడని ఆమె నిశ్చయానికి వచ్చింది.

నిశ్చయం ఉంటే చాలదు, సాక్ష్యం కావాలి. అందుకని ఆ శరదృతువులో పుట్టింటి ఊరికి వెళ్ళి, చిప్పల కోసం సముద్రంలో మునిగే ఆడవాళ్ళ గుడిసెల వెనక పారేసిన ఆల్చిప్పలు రెండు బుట్టలు మోసుకొచ్చింది. రోకలితో గోరంత ముక్కలుగా దంచి, గుంట పడిన చోటంతా చల్లింది. లోపలి మెరుపు నల్లమట్టి మీద తెల్లవారుజాము చుక్కల్లా కనిపించింది. ఆ మట్టి ఎవరు ఎత్తుకుపోయినా ముక్కలూ దాంతో వెళ్తాయి, వెళ్ళినచోట మెరుస్తాయి. వల చెదరకూడదని ఆ ఏడు బార్లీ కూడా వేయలేదు.

బార్లీ వేయలేదన్న వార్త మరిది గిల్బోకి చేరింది. అతనికి గుర్రాలున్నాయి, మేతకు చోటు చాలడం లేదు. కొత్త సంవత్సరం పిండివంటలు తిన్నాక, వచ్చే వేసవి కొర్రలు కూడా రాకపోతే చేనును గడ్డికి వదిలేద్దామని, వంశం భూమి కాబట్టి పెద్దల మాట కూడా అదేనని మెల్లగా చెప్పాడు. వదినకు ముసలితనంలో ఈ కష్టం ఎందుకని కూడా అన్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర రాలేదు.

చలికాలమంతా ఉల్సెంగ్ ఏదో ఒక వంకతో తేసమ్ చేను గట్టున తిరిగింది. అతని మట్టికుప్పను కర్రతో కెలికింది. ఒక్క చిప్పముక్క మెరవలేదు. జల్లెడ పట్టి వేరుచేస్తున్నాడనుకుంది. ఎంత ఓపిక, ఎంత దుర్మార్గం. కంటిచూపంతా పరాయి చేలో ఖర్చుచేసిందే తప్ప, తన చేలో చల్లిన ముక్కల మొహం ఒక్కసారీ చూడలేదు.

వానాకాలానికి నాలుగు రోజుల ముందు గుర్రాల కాపరి సుబల్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. చిన్నాపెద్దా అందరూ అతన్ని సమ్చున్ అనే పిలుస్తారు, ఊళ్ళో పెద్దవాళ్ళను పిలిచే పిలుపు అది. రేపు విత్తనాలు చల్లగానే తొక్కించడానికి గుర్రాలను ఏ పక్క గోడ తీసి దింపాలో చూడటానికి వచ్చాడు. సముద్రం నుంచి గాలి వీస్తోంది. అతను గుంట దగ్గర ఆగి గొంతుక్కూర్చున్నాడు.

"ఈ విస్తరి ఎవరికి వేశావమ్మా?"

ఉల్సెంగ్ వంగి చూసింది. ఆల్చిప్ప ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కోటీ సన్నటి మట్టి కాడ మీద, పుట్టగొడుగు గొడుగులా నిలబడి ఉంది. వాటి నడుమ మట్టి మాత్రం బొటనవేలెత్తున మాయమైంది.

చెప్పక తప్పలేదు. తేసమ్ పేరు మాత్రం మింగి, దొంగ కోసమంది. సుబల్ నవ్వలేదు, తల పంకించాడు.

"నీ దొంగ మహా నేర్పరి. చిప్ప కింద మట్టి ముట్టుకోలేదు. చుట్టూ ఉన్నది మాత్రం ఊదుకుని తీసుకున్నాడు. చేతులున్నవాడి పని కాదిది." తర్వాత గోడ వైపు చూశాడు. "దాని కళ్ళు ఎవరు మూశారు?"

అతను పిడికెడు మట్టి తీసుకుని గోడ దాటి వెళ్ళి, అవతలి నుంచి పైకి విసిరాడు. మూసిన గోడను తాకి గాలి దాని మీదుగా లేచి, ఇవతల గుంటలోకి డేగలా దిగి, మట్టిని తవ్వుకుంటూ పోయింది. ఇంకో పిడికెడు, గుర్రాల దారి పక్కన ఆమె మూయడం మరిచిపోయిన రెండు బారల దగ్గర విసిరాడు. అక్కడ గాలి కన్నాల్లోంచి సన్నటి పాయలుగా వచ్చి, మట్టిని ఆమె కాళ్ళ దగ్గర మెత్తగా దించింది.

అతను తిరిగి వచ్చి గోడ పక్క నిలబడి చెప్పాడు. "సముద్రపు గాలికి నీ మట్టి కొండ వైపు పై చేనుకు పోతూనే ఉంటుంది, మీ అత్త కాలంలోనూ పోయింది. అదే గాలికి కింది చేను మట్టి ఈ కన్నాల్లోంచి నీకు వచ్చేది. వచ్చేదాన్ని ఆపుకున్నావు. అది తేసమ్ వైపు గోడ మొదట్లో కుప్పపడింది. కళ్ళు తెరిస్తేనే నా గుర్రాలు దిగుతాయి. లేకపోతే తొక్కించినదీ ఎగిరిపోతుంది, నాకెందుకా పాపం."

రేపు తప్పితే అతనికి మళ్ళీ ఖాళీ లేదు. ఈలోగా వానలు వస్తాయి. కొర్రలు చల్లే అదను దాటిపోతే గిల్బో గుర్రాలు దిగుతాయి, తొక్కడానికి కాదు, మేయడానికి.

సుబల్ వెళ్ళగానే ఆమె పార పట్టుకుంది. ఎదురుగాలిలో, కళ్ళనిండా మట్టితో, తను బిగించిన రాళ్ళను తనే పీకింది. కొన్ని ఊడాయి. చాలావాటిని రెండేళ్ళ వానలు బిగించేశాయి. అవతలి నుంచి పొడిస్తే తప్ప రావు. అవతలివాణ్ణి పిలవడానికి ఆమెకు మనసొప్పలేదు. గోళ్ళలో రక్తం వచ్చింది. పొద్దు వాలుతుండగా, ఆమె లాగుతున్న రాయి దానంతటదే కదిలింది.

"చునోక్ తల్లీ, చెయ్యి తీయండి. తగులుతుంది."

రాయి ఊడి పడింది. కన్నంలో ముందు కర్ర మొన, తర్వాత తేసమ్ కన్ను కనిపించాయి. వెంటనే ఆ కన్ను పక్కకు తప్పుకుంది. అతను పొడుస్తూ, ఆమె లాగుతూ పది పన్నెండు రాళ్ళు ఊడదీశారు. చివరికి ఆమె ఉండబట్టలేక, ఇవన్నీ మూస్తున్నప్పుడు చూశారా అని అడిగింది. చూశానన్నాడు.

"చూసి చెప్పలేదేం? గోడ సంగతి మీకు తెలియదా?"

అవతల కర్ర ఆగింది.

"ఒంటరి ఆడమనిషి నా వైపు కన్నాలన్నీ మూసుకుంటుంటే ఎందుకని ఏ మొహంతో అడగను? నేను తొంగి చూస్తున్నాననుకున్నారేమో అనుకున్నాను. ఊళ్ళో నలుగురూ అదే అనుకుంటారేమోనని అప్పట్నుంచీ ఇటు వీపు పెట్టే కలుపు తీస్తున్నా. మెడ పట్టేసింది."

ఉల్సెంగ్ గొంతులోకి వచ్చిన మాటలో సగం నవ్వుంది, సగం ఇంకా నమ్మకం లేనితనం. చీకటి పడేలోపు గోడ అంతటా ఆకాశం కనిపించింది. కుప్పపడిన మట్టి కావాలంటే బుట్టలతో మోసుకెళ్ళమన్నాడు. వద్దంది. రావలసింది కన్నాల్లోంచే వస్తుందంది. అది మంచితనంతో అన్నదా, అతనికి బాకీ పడకూడదని అన్నదా, ఆమెకే తెలియదు.

మర్నాడు ఆమె విత్తనం చల్లుతుంటే సుబల్ ఇరవై రెండు గుర్రాలను దింపాడు. పాట ఎత్తుకుని, వాటిని చేను చుట్టూ సుళ్ళు సుళ్ళుగా తిప్పాడు. గిట్టల కింద తేలే నేల ఇష్టం లేకపోయినా కూర్చుంది. ఉల్సెంగ్ అందరికీ గోధుమరంగు కొర్రసారా పోసింది. తేసమ్‌కూ గోడ మీదుగా ఒక గిన్నె అందించింది. అతను తాగేముందు గిన్నెలోకి ఒక క్షణం చూశాడు. ఆ చూపును ఆమె గుర్తుపట్టింది. అది తన చూపే.

వానలు వచ్చి వెళ్ళాయి. కొర్రలు గుర్రపు గిట్టల ఆకారంలో, చేనంతా చిన్న చిన్న నెలవంకలుగా మొలిచాయి. ఆ నెలాఖరున గిల్బో వచ్చి దారి దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. గుర్రాలకు వేరేచోట గడ్డి చూసుకుంటానని, వదినకు ఓపిక ఉన్నన్నాళ్ళూ చేను ఆమెదేనని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం సముద్రపు గాలి లేచింది. గోడ నూరు నోళ్ళతో సన్నగా ఈల వేస్తోంది. ఉల్సెంగ్ ఒక కన్నం ముందు అరచెయ్యి పెట్టింది. తేసమ్ చేను మట్టి, బరువు లేని నల్లటి నలుసులు, ఆమె చేతిలోకి వచ్చి పడ్డాయి. పిడికిలి బిగించింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. కన్నంలోంచి అవతలికీ చూసింది. తేసమ్ ఇటు తిరిగే కలుపు తీస్తున్నాడు, తలెత్తలేదు. ఆమె పిడికిలి విప్పి, మట్టిని కొర్రమొలకల మీద విదిలించింది.