ఎర్రబోరులో గంప దింపిన చోటు

ఎర్రబోరులో కొత్తగా కట్టిన బస్ షెల్టర్‌లో స్టీలు కుర్చీలున్నాయి, ఫ్యాను కూడా ఉంది. కట్టించినవాళ్లు అక్కడ బస్సును ఆపించడం మాత్రం మరిచారు. డ్రైవర్లకు చాయ్ దొరికే హోటల్ దగ్గర, మండే ఎండలో ఆగుతుంది బస్సు. ఆ ఉదయం సుక్మా బస్సు కోసం షెల్టర్‌లో కూర్చుని, “మన పన్నులన్నీ సిమెంటు పాలు” అని పైకే గొణుక్కున్నాను.

చింతపండు గంపతో సంతకు బయల్దేరిన పెద్దావిడ ఒకామె నా వైపు తిరిగింది.

“గొణిగితే ఏమొస్తది సారూ? సబ్బు కొన్నా పన్నేనంట గదా. నేను గూడ కట్టిన. ఇది నాది గూడ.”

బస్సు కనిపించగానే నేను అలవాటుగా హోటల్ వైపు నడవబోయాను. ఆమె గంపను షెల్టర్ ఎదుట తారు రోడ్డు అంచున దింపి, పక్కనే నిలబడింది. ఇక్కడి సంతల్లో గంప దింపిన చోటు ఆ మనిషిదే, దాన్ని దాటి ఎవరూ కూర్చోరు. డ్రైవరూ ఇక్కడివాడే. హారన్ కొట్టాడు గానీ గంపను దాటలేదు.

కండక్టర్ దిగి, “ఏందవ్వా, స్టాప్ ముందట గదా?” అన్నాడు.

“అది మీరు చాయ్ తాగే చోటు. బస్సు ఆగే చోటు ఇది. మేం కట్టించినం.”

అతను గంపను పైకెత్తాడు. ఆమె వెనకే నేనూ ఎక్కాను, తల కాస్త ఎత్తుకునే.

ఆమె మళ్ళీ కనిపించలేదు. ఎర్రబోరులో బస్సెక్కే ప్రతిసారీ నా సంచిని ఆ షెల్టర్ ఎదుటే దింపుతాను. హారన్ వినిపించినా తీయను.